సాడిల్ స్టే బిగించాక మిగిలే సందులు: ట్యూబు ముక్కా, బీడింగా, ఎంసీలా, త్రీడీ ప్రింటా?

సాడిల్ స్టేలు (పక్క బ్యాగులు తగిలించుకునే గొట్టాల చట్రాలు), టాప్ ర్యాక్, ఫాగ్ లైట్లు, పొడవాటి విండ్‌షీల్డ్ అన్నీ బిగించుకుని బండి ఇంటికి తెచ్చుకున్న సాయంత్రం ఏమీ కనపడదు. మర్నాడు పొద్దున కడుగుతుంటే కనపడతాయి. సైడ్ ప్యానెల్‌కీ ఫ్రేముకీ మధ్య వేలు దూరేంత సందు, వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే పాత గ్రాబ్ రెయిల్ తీసేసిన చోట రెండు బోల్టు కన్నాలు, స్టే గొట్టం పట్టడానికి ప్యానెల్ కోసిన చోట రంపం పళ్ల గుర్తులు. ఒకసారి కంట్లో పడ్డాక బండి వైపు చూసినప్పుడల్లా ముందు చూపు అక్కడికే పోతుంది. బండి బాగానే నడుస్తుంది కదా, చూసీ చూడనట్టు వదిలేయమంటారు చాలామంది. ప్రేమగా చూసుకునే బండి అయితే వదిలేయబుద్ధి కాదు, అందులో తప్పేమీ లేదు.

నా బండితో పాటు స్నేహితుల బళ్ల మీద కూడా ఈ సందుల్ని రకరకాలుగా మూశాను. కొన్ని మూడేళ్లుగా అలాగే ఉన్నాయి, కొన్ని మొదటి వానకే ఊడిపోయాయి. ఏది ఎక్కడ నిలుస్తుందో, ఎవరికి ఏది సరిపోతుందో ఇక్కడ చెబుతాను.

ముందు బోల్టులు వదులు చేసి చూడండి

ఏ ముక్కా కొనకముందు చేయాల్సిన పని ఇది. నా బండికి స్టే బిగించిన మెకానిక్ వెనక బోల్టు ముందే గట్టిగా బిగించేశాడు, తర్వాత ముందు బోల్టు కన్నంలోకి రాకపోతే రెండు వాషర్లు అడ్డం పెట్టి సరిపెట్టాడు. దాంతో ప్యానెల్ 9 మిల్లీమీటర్లు బయటికి లేచింది. ఇంటి దగ్గర అన్ని బోల్టులూ వదులు చేసి, ఒక్కోటీ చేత్తోనే నాలుగు చుట్లు తిప్పి అన్నీ మరలో పడ్డాయని చూసుకుని, ఆ తర్వాత కొంచెం కొంచెంగా అన్నిటినీ వంతులవారీగా బిగిస్తే 9 కాస్తా 3 అయింది. చూసినవాటిలో చాలా సందులు ఇలాగే తగ్గిపోయాయి. అయితే కిట్‌తో పాటు వచ్చిన స్పేసర్లు మాత్రం తీసేయకండి, అవి స్టేని సైలెన్సర్‌కీ ఇండికేటర్‌కీ దూరంగా ఉంచడానికి ఇచ్చినవి. కిట్‌లో లేకుండా బిగించేవాళ్లు సొంతంగా పెట్టిన వాషర్ల సంగతే నేను అంటున్నది.

ఇంత చేశాక కూడా మిగిలిందే అసలు సందు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది కదలిక. సింగిల్ సిలిండర్ బళ్లలో సైడ్ ప్యానెల్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది, స్టే మాత్రం ఫ్రేముకి గట్టిగా బిగించి ఉంటుంది. బండి స్టార్ట్ చేసి, ఒక వేలు ప్యానెల్ మీద, ఇంకో వేలు స్టే గొట్టం మీద పెట్టి చూడండి, రెండూ వేరువేరుగా వణుకుతున్నాయని వేళ్లకే తెలుస్తుంది. ఆ రెండిటి మధ్య గట్టి పదార్థం పోసి అతికిస్తే అది పగలాలి, లేదా ప్యానెల్ లోపలి పిన్ను విరగాలి. పిన్ను విరిగితే ప్యానెలే కొత్తది కొనాలి. అందుకే నా ఒకే ఒక్క నియమం: ఏ ముక్క పెట్టినా ఒక వైపే అంటించాలి, రెండో వైపు ఊరికే ఆని ఉండాలి. ఈ ఒక్కటి పాటిస్తే సగం తప్పులు జరగవు.

తర్వాత వేడి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నల్ల ప్లాస్టిక్ మీద మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూడండి, ఒక్క క్షణం కూడా ఉంచలేరు. హాట్ గ్లూ అక్కడ మెత్తబడి జారుతుంది. మామూలు డబుల్ టేప్ జిగురూ అంతే. సైలెన్సర్ పక్కన అయితే ఇక్కడ చెప్పే ఏ ప్లాస్టిక్, రబ్బరు ముక్కా పెట్టకండి, అక్కడ సందు సందుగానే ఉండాలి.

మూడోది ప్యానెల్ ఏ ప్లాస్టిక్‌తో చేశారన్నది. ప్యానెల్ తీసి వెనక వైపు చూస్తే చిన్న అక్షరాల్లో ఏబీఎస్ అనో పీపీ అనో పోతపోసి ఉంటుంది. ఏబీఎస్ అయితే జిగురు, పుట్టీ, పెయింట్ అన్నీ పడతాయి. పీపీ, అంటే పాలీప్రొపిలీన్ అయితే దాదాపు ఏదీ పట్టదు, ఎంత గరుకు కాగితం రుద్దినా ఎంసీల్ గోరుతో లేస్తుంది. అక్షరాలు కనపడకపోతే లోపలి అంచు నుంచి బ్లేడుతో చిన్న పొట్టు తీసి గ్లాసు నీళ్లలో వేసి లోపలికి నొక్కి వదలండి. మామూలు పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది.

చివరిది, పెట్టినదాన్ని మళ్లీ తీయగలమా అన్నది. వారంటీ ఉన్న బండికీ, రేపు అమ్మబోయే బండికీ ఇది పెద్ద విషయం. ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి సైడ్ ప్యానెల్ ఎలాగూ తీయాలి కాబట్టి అందరికీ కొంత ముఖ్యమే.

మూయకూడనివి

అందం కోసం మూయబోయి నష్టం తెచ్చుకునే సందులు కొన్ని ఉన్నాయి. ప్యానెల్ అడుగున కనిపించే చిన్న కన్నాలు నీళ్లు పోవడానికి ఇచ్చినవి, మూస్తే లోపల తడి నిలిచి ఫ్రేముకి తుప్పు పడుతుంది. ఎయిర్ బాక్స్‌కి గాలి వెళ్లే దారి, రేడియేటర్ పక్కలు, ఫోర్క్ దగ్గర, హ్యాండిల్‌ని ఎత్తు చేసే రైజర్ వేశాక కేబుళ్లు వంగే చోటు, వీటిని ముట్టుకోకండి. వెనక రిఫ్లెక్టర్, నంబర్ ప్లేటు, ఇండికేటర్ కనపడే కోణానికి ఏ ముక్కా అడ్డం రాకూడదు.

విండ్‌షీల్డ్ కింద సందు గురించి కాస్త వివరంగా చెప్పాలి. పొడవాటి షీల్డ్ పెట్టాక దానికీ హెడ్‌లైట్‌కీ మధ్య పెద్ద ఖాళీ కనిపిస్తుంది, చూడ్డానికి బాగుండదు. కానీ షీల్డ్ వెనక గాలి పీడనం తగ్గుతుంది, కింద నుంచి కొంత గాలి లోపలికి వస్తే ఆ పీడనం సర్దుకుని హెల్మెట్ దగ్గర గాలి కొట్టుడు తగ్గుతుంది. నా స్నేహితుడు ఒకరు దాన్ని నల్ల ఫోమ్‌తో పూర్తిగా మూసేశాక హైవే మీద 80 దాటితే తల ఊగిపోతోందని ఫోన్ చేశాడు. ఫోమ్ తీయించాను, తగ్గింది. అక్కడ మూయాలనుకుంటే ముందు కాగితం టేపుతో తాత్కాలికంగా మూసి, ఒకసారి హైవే మీద నడిపి చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

బోల్టు కన్నాలకి బోల్టే

గ్రాబ్ రెయిల్ తీసిన చోట, ఇండికేటర్ జరిపిన చోట మిగిలే గుండ్రటి కన్నాలకి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. అదే సైజు పొట్టి బోల్టు, కింద నైలాన్ వాషర్, పైన నల్ల ప్లాస్టిక్ క్యాప్. కన్నంలోపలి మరకి కొంచెం గ్రీజు రాసి బిగిస్తే మర కూడా తుప్పు పట్టకుండా ఉంటుంది, రేపు గ్రాబ్ రెయిల్ మళ్లీ పెట్టాలంటే హాయిగా పెట్టుకోవచ్చు. విశాఖ, కాకినాడ వైపు ఉప్పు గాలిలో తిరిగే బళ్లకి స్టెయిన్‌లెస్ బోల్టు అడిగి తీసుకోండి. అద్దాలు హ్యాండ్‌గార్డు మీదికి మార్చుకున్నవాళ్లకి ఒక మాట: యమహా బళ్లలో చాలావాటికి కుడివైపు అద్దం మర ఎడమ తిరుగుడు, ఆ ఖాళీ కన్నంలో మామూలు బోల్టు బలవంతంగా తిప్పితే మర పోతుంది.

ఫాగ్ లైట్ల వైరు కోసం ప్యానెల్‌కి కన్నం వేసి ఉంటే దానికి మాత్రం రబ్బరు గ్రోమెట్ (కన్నం అంచుకి తొడిగే రింగు) తప్పనిసరి. చూపు సంగతి తర్వాత. కోసిన ప్లాస్టిక్ అంచు, రేకు అంచు వణుకుడుకి వైరు పైపొరని నెమ్మదిగా కొరికేస్తాయి, ఏదో ఒక రాత్రి ఘాట్ రోడ్డు మీద ఫ్యూజ్ పోతుంది.

ట్యూబు రబ్బరు: నా మొదటి ఓటు

పొడవాటి సందులకి, అంటే స్పేసర్ వల్ల ప్యానెల్ లేచిన చోట్లకి, నేను ముందుగా వెళ్లేది పంచరు షాపుకే. పాత లారీ ట్యూబు ముక్క అడిగితే చాలాచోట్ల ఊరికే ఇస్తారు. కారు ట్యూబు పల్చన, సైకిల్ ట్యూబు మరీ పల్చన, లారీ ట్యూబు మందం ఈ పనికి సరిగ్గా ఉంటుంది.

పని ఇలా. ముందు పెళ్లి శుభలేఖ లాంటి మందపాటి కార్డు తీసుకుని సందులో పెట్టి, ప్యానెల్ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీయండి. కత్తిరించి మళ్లీ పెట్టి చూడండి. రెండు మూడు కార్డులు పోతాయి, పోనివ్వండి, ఇక్కడ తొందరపడితే రబ్బరు దగ్గర తెలుస్తుంది. కార్డు సరిగ్గా కూర్చున్నాక ట్యూబుని సబ్బు నీళ్లతో లోపలా బయటా బాగా కడగాలి, లోపల ఉండే తెల్ల పౌడరు పోకపోతే ఏ జిగురూ పట్టదు. ఆరాక కార్డు పెట్టి గీసి, కత్తెరతో ఒకే ఊపున కోయాలి, ఆగి ఆగి కోస్తే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. ప్యానెల్ లోపలికి దూరడానికి ఒక పక్క 15 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచుకోండి. ఆ పక్కనే గరుకు కాగితంతో రుద్ది, పంచరు వేసే సొల్యూషన్ కానీ చెప్పుల జిగురు కానీ రెండు వైపులా పల్చగా రాసి, చేతికి అంటుకోనంత ఆరాక ప్యానెల్ లోపలి వైపు అంటించాలి. రెండో పక్క ఫ్రేము మీద ఊరికే ఆని ఉంటుంది.

దూరం నుంచి చూస్తే కంపెనీ నుంచి వచ్చిన మడ్ ఫ్లాప్ లాగే ఉంటుంది. దగ్గరికొస్తే రబ్బరని తెలుస్తుంది, దాని వంపు కొంచెం తన సొంత దారిలో పోతుంది కూడా. కానీ ప్యానెల్ ఎంత వణికినా దానికేమీ కాదు, నీళ్లు తాగదు, పీకితే వచ్చేస్తుంది. పీపీ ప్యానెల్ మీద మాత్రం జిగురు నమ్మకండి, లోపల కనపడని చోట రెండు చిన్న కన్నాలు వేసి కేబుల్ టైతో కట్టేయండి.

ఏసీ పైపులకి చుట్టే నల్ల ఫోమ్ కూడా కొందరు వాడతారు. ప్యానెల్ వెనక గలగల శబ్దం ఆపడానికి అది చాలా మంచిది. బయటికి కనపడేలా పెడితే మాత్రం ఎండకి ఒకటి రెండు వేసవుల్లో బీటలు తీసి పొడి పొడిగా రాలుతుంది.

బీడింగ్

ప్యానెల్ కోసిన చోట గరుకు అంచు కనపడుతుంటే కారు డోర్లకి వేసే యూ ఆకారపు రబ్బరు బీడింగ్‌కి మించినది లేదు. హైదరాబాద్ రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. లోపల సన్నటి రేకు పళ్లున్న రకం అడగండి, అది ప్లాస్టిక్ అంచుని తనంతట తనే పట్టుకుంటుంది, జిగురు అక్కర్లేదు. ప్యానెల్ మందం కొలిచి వెళ్లండి, 2 మిల్లీమీటర్ల అంచుకి 4 మిల్లీమీటర్ల బీడింగ్ తెస్తే వారంలో జారిపోతుంది. బిగువైన మూలల్లో లోపలి వైపు వీ ఆకారంలో చిన్న కోత పెడితే ముడత రాదు. దాని పరిమితి ఒక్కటే, అంచుని అందంగా చేస్తుంది తప్ప పెద్ద ఖాళీని మూయలేదు.

ఏబీఎస్ షీటు

ఓపిక ఉండి, పని కంపెనీది లాగే కనపడాలనుకునేవాళ్లకి ఇది. 2 మిల్లీమీటర్ల నల్ల ఏబీఎస్ షీటు, ఒక వైపు గరుకు టెక్స్చర్ ఉన్నది తీసుకోండి. కట్టర్‌తో స్కేలు పెట్టి నాలుగైదు సార్లు గీసి వంచితే గీత వెంట విరుగుతుంది, వంపులకి హ్యాక్సా బ్లేడు. వంచాలంటే హీట్ గన్ కావాలి, ఒకే చోట ఆపకుండా తిప్పుతూ వేడి చేయాలి, లేకపోతే టెక్స్చర్ కరిగి అక్కడ మెరుపు మచ్చ పడుతుంది.

అతికించడానికి ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరికి నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి పొగ మరక వస్తుంది. మంచి నురుగు రకం డబుల్ టేప్, త్రీఎమ్ వీహెచ్‌బీ లాంటిది, ఈ పనికి సరిపోతుంది, అది కొంచెం సాగుతుంది కాబట్టి వణుకుడు కూడా తట్టుకుంటుంది. ఏబీఎస్ ప్యానెల్‌కి పగులు ఉంటే షీటు తుక్కుని కొంచెం అసిటోన్‌లో నానబెట్టండి, రాత్రికి జావలా అవుతుంది, దాన్ని పగులులో నింపితే ప్యానెల్‌తో కలిసిపోతుంది. అసిటోన్ చుక్క పెయింట్ మీద పడితే పెయింట్ పోతుంది, మంట దగ్గర అసలు తీయకూడదు.

ఎంసీల్

అందరూ ముందు దీని వైపే వెళ్తారు, ఇంట్లో ఎలాగూ ఉంటుంది కాబట్టి. నేను కూడా మొదట అదే చేశాను. ప్యానెల్‌కీ స్టేకీ మధ్య నింపి, తడి వేలితో నున్నగా చేసి, నల్ల స్ప్రే కొడితే మొదటి రోజు చాలా బాగుంది. శ్రీశైలం వెళ్లొచ్చేసరికి నడి మధ్యలో వెంట్రుక గీత, ఇంకో వారానికి ముక్క ఊడి ఎక్కడో పడిపోయింది. గట్టిపడ్డాక అస్సలు వంగదు, అదే దాని గుణం.

అయినా దాన్ని సరిగ్గా వాడే దారి ఒకటి ఉంది. సందు చుట్టూ పల్చటి పాలిథిన్ కవరు పరిచి, దాని మీద ఎంసీల్ నొక్కి ఆకారం రానివ్వండి. రాత్రంతా వదిలేసి పొద్దున కవరుతో సహా లాగితే సందు ఆకారమే ఉన్న విడి ముక్క చేతికి వస్తుంది. దాన్ని గరుకు కాగితంతో సాఫు చేసి, ప్రైమర్, మ్యాట్ బ్లాక్ కొట్టి, డబుల్ టేప్‌తో ఒక వైపే అంటించండి. వంకర టింకర సందులకి ఇంత కచ్చితంగా కూర్చునేది ఇంట్లో చేయగలిగినవాటిలో ఇంకొకటి లేదు.

సిలికాన్, త్రీడీ ప్రింట్

సిలికాన్ గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. దుమ్ము అంటుకుంటుంది, దాని మీద పెయింట్ పట్టదు, తీసినా జిడ్డు పొర మిగిలి తర్వాత ఏదీ అంటదు. వెనిగర్ వాసన వచ్చే రకం రేకుకీ రాగి వైర్లకీ తుప్పు తెస్తుంది. 2 మిల్లీమీటర్లలోపు సన్నటి గీతలకి, న్యూట్రల్ రకం అని రాసి ఉన్నది మాత్రమే వాడండి.

త్రీడీ ప్రింట్ ఫినిషింగ్‌కి తిరుగులేదు, కొలతలు సరిగ్గా ఇవ్వగలిగితే. వెర్నియర్‌తో కొలిచి, ముందు అదే శుభలేఖ కార్డుతో నమూనా చేసి తీసుకెళ్లండి. పీఎల్ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన బండి మీద అది వంగిపోతుంది. ఏఎస్ఏ అనే ఇంకో రకం ఎండకీ వేడికీ ఆగుతుంది, అది దొరక్కపోతే పీఈటీజీ.

| పద్ధతి | వణుకుడు | ఎండ | మళ్లీ తీయడం | చూపు | సరిపోయే చోటు |
|---|---|---|---|---|---|
| బోల్టు, క్యాప్ | బాగా ఆగుతుంది | బాగుంటుంది | సులువు | చక్కగా | గుండ్రటి కన్నాలు |
| ట్యూబు రబ్బరు | అన్నిటికంటే మేలు | కొన్నేళ్లు | సులువు | ఫర్వాలేదు | పొడవాటి, కదిలే సందులు |
| యూ బీడింగ్ | బాగా ఆగుతుంది | బాగుంటుంది | చాలా సులువు | చక్కగా | కోసిన అంచులు |
| ఏబీఎస్ షీటు, టేప్ | మధ్యరకం | కొన్నేళ్లు | కొంచెం కష్టం | కంపెనీ పనిలా | చదునైన పెద్ద ఖాళీలు |
| ఎంసీల్ నేరుగా | పగులుతుంది | బాగుంటుంది | కష్టం | మొదట బాగుంటుంది | కదలని చోట మాత్రమే |
| ఎంసీల్ విడి ముక్క | మధ్యరకం | బాగుంటుంది | కొంచెం కష్టం | బాగుంటుంది | వంకర సందులు |
| ఏఎస్ఏ ప్రింట్ | మధ్యరకం | బాగుంటుంది | బిగింపును బట్టి | అన్నిటికంటే మేలు | కొలతకి దొరికే ఆకారాలు |

మీది ఏ పరిస్థితి

బండి కొత్తది, వారంటీలో ఉంది అంటే బోల్టు క్యాప్, బీడింగ్, ఇంతటితో ఆగండి. కంపెనీ ప్యానెల్ కోయాల్సి వస్తే కోయకండి, పాత ప్యానెల్ ఇంకోటి కొని దాన్ని కోసుకుని, అసలుది అట్టపెట్టెలో దాచండి. అమ్మేటప్పుడు ఆ ప్యానెల్ విలువ తెలుస్తుంది.

ఏడాదికోసారి లడఖ్ లాంటి దూరం వెళ్లి మిగతా రోజులు ఆఫీసుకి తిరిగేవాళ్లయితే స్టేలు ఉంటాయి, బ్యాగులు ఉండవు, సందు ప్రతి రోజూ కనపడుతుంది. మీకు ఏబీఎస్ షీటు మీద రెండు ఆదివారాలు పెట్టడం దండగ కాదు. నెలకి రెండుసార్లు అరకు, లంబసింగి అని బురదలో, వానలో తిరిగేవాళ్లకి మాత్రం ట్యూబు రబ్బరే నా సలహా, చూపు కొంచెం తగ్గినా దారిలో ఊడిపోదు, ఊడినా ఏ ఊరి పంచరు షాపులోనైనా ఇంకో ముక్క దొరుకుతుంది. మెరిసే రంగు ప్యానెళ్లున్న బండికి రంగు కలపడానికి కష్టపడకండి. ఆ షేడ్ ఇంట్లో రాదు, పక్కన పెడితే తేడా ఇంకా ఎక్కువ కనపడుతుంది. నల్ల మ్యాట్ ముక్క పెడితే కావాలని పెట్టినట్టుగా ఉంటుంది. సొంతంగా చేయడం అలవాటు లేనివాళ్లు బీడింగ్‌తో మొదలుపెట్టండి, తప్పు జరిగినా పోయేది ఒక మీటరు రబ్బరే.

ఏది పెట్టినా మొదటి 200 కిలోమీటర్ల తర్వాత ఒకసారి చూడండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఇద్దరు కూర్చుని సస్పెన్షన్ నొక్కి, పెట్టిన ముక్క వైరునో కేబుల్‌నో రుద్దుతోందేమో టార్చ్ వేసి చూడాలి. రుద్దిన చోట ప్లాస్టిక్ మెరుస్తూ ఉంటుంది, లేదంటే నల్ల పొడి రాలి ఉంటుంది. కనపడితే ఆ మూల 3 మిల్లీమీటర్లు కోసేయండి.